అర మార్కు దర్బారు

మన బడిలో పిల్లవాడు ఏ ప్రశ్నైనా అడగొచ్చు. దేవుడున్నాడా అని అడిగితే సైన్సు సారు నవ్వి ఊరుకుంటారు. ఫీజెందుకు పెంచారని వాళ్ల నాన్న అడిగితే కౌంటరులో అమ్మాయి "మేనేజ్‌మెంట్ డెసిషన్ సార్" అని రసీదు చింపి చేతిలో పెడుతుంది. "టీచర్, నాకీ ప్రశ్నకి రెండు మార్కులెందుకు తగ్గాయి?" అని మాత్రం అడగకూడదు. అడిగాడంటే ఆ నిమిషం నుంచి వాడి ప్రోగ్రెస్ కార్డులో పొగరు అనే కొత్త సబ్జెక్టు చేరుతుంది. అందులో మాత్రం ఏడాది పొడుగునా నూటికి నూరే.

కాబట్టి ఈ వ్యాసంలో టీచర్లను విమర్శించే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. మా ఇంట్లోనూ బడికెళ్లే పిల్లలున్నారు. వాళ్ల పరీక్షలింకా అయిపోలేదు. మార్కులు వేయడమనే విద్యలో ఎంత మహత్తుందో లోకానికి చాటి, ఆ పుణ్యంలో నాలుగో వంతు మా పిల్లల ఖాతాలో పడేలా చూసుకోవడమే నా ధ్యేయం.

ఈ విద్యకు మూలసూత్రం ఒకటే. మార్కు అనేది పిల్లవాడు సంపాదించుకునేది కాదు, టీచరు దయచేసేది. గుళ్లో పూజారి చేతిలో పెట్టిన పులిహోరను కళ్లకద్దుకుని పక్కకు జరుగుతాం గానీ, ముందున్నాయనకు జీడిపప్పు వచ్చింది, నాకు రాలేదేమని నిలదీయం కదా. మార్కు దగ్గరా అదే మర్యాద. ఈ సూత్రం ఒంటబట్టినవాడికి మిగతా సంగతులన్నీ వాటంతటవే తెలిసిపోతాయి. ఒంటబట్టనివాడు రీవెరిఫికేషన్‌కి డబ్బు కడతాడు.

ముందు తెలుగు పేపరు చూద్దాం. "మీ ఊళ్లో జరిగే వారపు సంత గురించి సొంత మాటల్లో రాయండి." ఎనిమిది మార్కులు. పాపం ఒక పిల్లవాడు ఆ "సొంత మాటల్లో" అన్నది నిజమే అనుకున్నాడు. "మా ఊర్ల శుక్రారం అంగడైతది. మా నాయినమ్మ రెండు కోళ్లు తీస్కపోతది. ఒకటి అమ్ముతది. ఇంకోటి ధర రాలేదని వాపసు తెస్తది. ఇంటికొచ్చినంక దాన్నే తిడ్తది" అని రాశాడు. ఆ కోడి ఏం పాపం చేసిందో, ధర ఎందుకు రాలేదో, ఇంకో అర పేజీ కూడా ఉంది. ఎర్ర పెన్ను మొదటి లైను నుంచి చివరి లైను దాకా వరసగా సున్నాలు చుట్టుకుంటూ పోయింది. పక్కన మార్జినులో ఒకే మాట: "భాష!" ఎనిమిదికి రెండు.

పక్క బెంచీ అబ్బాయి గైడు చూసి కంఠస్థం పట్టాడు. "సంత అనగా వారమునకు ఒకసారి జరుగు క్రయవిక్రయ కేంద్రము. సంత వలన కలుగు లాభములు అనేకము" అంటూ మొదలుపెట్టి, చివరికి "కావున సంతలను ప్రోత్సహించుట మనందరి కర్తవ్యము" అని ముగించాడు. వాడు జన్మలో సంత ముఖం చూడలేదు. వాళ్ల కూరగాయలు యాప్‌లో వస్తాయి. ఎనిమిదికి ఏడు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందో వాడూ అడగలేదు. ఏడొచ్చినవాడికి ఆ అవసరం కూడా ఉండదు.

ఇదే బడిలో ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికో, సెప్టెంబరు 9న కాళోజీ పటానికో దండ వేస్తారు. జనం నోటి పలుకుకు మర్యాద దక్కాలని జీవితమంతా పోరాడిన మనుషులు వాళ్లు. మైకు ముందు నిలబడి పలుకుబడుల సొగసు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడేవారూ, మర్నాడు "అయితది" చుట్టూ సున్నా చుట్టేవారూ ఒకరే. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. పటాలకు మార్కులు వేయనక్కర్లేదు, పిల్లలకు వేయాలి.

సోషల్ పేపరు సంగతి వేరు. అక్కడ భాషతో పేచీ లేదు, ముస్తాబుతోనే. మీటింగు రోజు క్లాసులో బెంచీల వెనకగా నిలబడి నేను విన్న సంభాషణ ఇది. ఏ బడి అన్నది అనవసరం. మీ బడే అనుకోండి.

"మేడమ్, మా బాబుకి ఈ ఆన్సరుకి నాలుక్కి రెండే వేశారేంటండీ? అన్నీ రాశాడు కదా."

"ప్రెజెంటేషన్ లేదమ్మా."

"అంటే ఏంటండీ?"

"సైడ్ హెడ్డింగ్స్ లేవు. పాయింట్స్‌గా రాయలేదు. అండర్‌లైన్ లేదు. స్కెచ్ పెన్ వాడమని క్లాసులో ఎన్నిసార్లు చెప్పాను?"

"విషయం కరెక్టేనాండీ?"

"విషయం ఉంటే సరిపోతుందామ్మా?"

ఆ తల్లి పేపరు తిప్పి చూసుకుంది. పక్కబ్బాయి పేపరు కూడా పక్కనే ఉంది. దాంట్లో నదుల పేర్లు నీలం రంగులో, పర్వతాల పేర్లు ఎరుపులో, హెడ్డింగు కింద రెండేసి గీతలు. కృష్ణా నది గోదావరికి ఉపనది అని కూడా చక్కటి చేతిరాతలో ఉంది. నాలుక్కి నాలుగు.

"మరి ఆ బాబుకి..."

"పక్కవాళ్లతో పోల్చకూడదమ్మా. పిల్లలు డిప్రెషన్‌లోకి వెళ్తారు."

ఈ మాట అన్నప్పుడు మేడమ్‌గారి వెనక గోడ మీద చార్టు ఉంది. ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా ర్యాంకులు, ఎదురుగా పిల్లల పేర్లు. మొదటి మూడు పేర్ల పక్కన బంగారు రంగు నక్షత్రాలు. చివరి ఐదు పేర్లూ ఎర్ర ఇంకులో.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిపారు. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడు లాగుడు కూడా పెట్టారు. మంచిదే. తల్లిదండ్రులు గేటు దాటి లోపలికి రావడమే మన దగ్గర పెద్ద విశేషం. మా ముగ్గుకు రెండో బహుమతే ఎందుకని జడ్జిని ఒక తల్లి నవ్వుతూ అడగొచ్చు, జడ్జి కూడా నవ్వుతూ చుక్కలు లెక్కపెట్టి చూపించొచ్చు. మార్కుల పేపరు మీదా ఆపాటి మాట జరగాలని కోరుకుంటే మాత్రం ఆవిడ హద్దు మీరినట్టు.

ఇక ఇంటర్నల్ మార్కులు. అసలు దర్బారు ఇక్కడే. రాత పరీక్షకు 80, బడి చేతికి 20 అన్న పద్ధతి పెట్టినవాళ్ల ఉద్దేశం గొప్పది. పిల్లవాణ్ని మూడు గంటల పరీక్షతో కొలవకూడదు, ఏడాది పొడుగునా గమనించాలి అన్నారు. అందుకని ఆ 20ని మళ్లీ నాలుగు ఐదులుగా పంచారు. పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు ఐదు, రాత పనులకు ఐదు, ప్రాజెక్టు పనికి ఐదు, లఘు పరీక్షకు ఐదు. కాగితం మీద చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఈ భాగస్వామ్యాన్ని గమనించడం ఎప్పుడు జరుగుతుందంటే, తనిఖీకి వస్తున్నారని కబురందిన సాయంత్రం. స్టాఫ్‌రూంలో రిజిస్టరు తెరుస్తారు. ఒకరు పేర్లు చదువుతారు, ఇంకొకరు అంకెలు వేస్తారు. నాలుగు, ఐదు, నాలుగు, నాలుగు, ఐదు. టీ వచ్చేలోగా రెండు సెక్షన్ల పిల్లల ఏడాది ప్రతిస్పందనలు పూర్తి. మధ్యలో ఒక పేరు దగ్గర పెన్ను ఆగుతుంది. "వీడా? మొన్న ఎదురు చెప్పినవాడు కదూ?" మూడు. ఈ మూడు ఎందుకొచ్చిందో ఆ పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు. వాడు నిజంగా పాఠంలో పాలుపంచుకున్నది ఆ ఒక్క రోజే. సారు బోర్డు మీద వేసిన లెక్కలో గుర్తు తప్పుపడిందని చెప్పింది అప్పుడే.

ప్రాజెక్టు పనికి వచ్చే ఐదూ ఎవరివో తేల్చడం ఇంకా కష్టం. నెట్ సెంటరు కుర్రాడు ప్రింటు తీస్తాడు, నాన్న థర్మాకోల్ కోస్తాడు, అమ్మ ఫెవికాల్ పూస్తుంది, అక్క హెడ్డింగు రాస్తుంది, పిల్లవాడు నిద్రపోతాడు. తెల్లారి అగ్నిపర్వతాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని బడికి చేర్చేది మాత్రం వాడే. ఆ రవాణాకు ఐదుకు ఐదు వేసినా తప్పు లేదు. కానీ కూలికెళ్లే ఇంటి పిల్ల తనంతట తాను నోట్‌బుక్ కాగితం మీద గీసి, రంగులేసి తెచ్చినదానికి రెండు వేస్తారు చూశారా, అక్కడే తెలుస్తుంది ఈ ఐదు మార్కులు ఎవరి ప్రాజెక్టుకో.

ట్యూషన్ మహిమ గురించి చెప్పకపోతే అన్యాయం. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. చెప్పరు కూడా. సాయంత్రం ఆరింటికి వాళ్లింటి వరండాలో పదిహేను జతల చెప్పులుంటే అది చుట్టపుచూపు. ఆ చుట్టాల పిల్లలకు ఇరవైకి పంతొమ్మిది తగ్గకుండా వస్తే అది కాకతాళీయం.

ఇంటర్‌కి వెళ్తే ఈ లీల ల్యాబుల్లో జరుగుతుంది. ఫిజిక్స్ ప్రాక్టికల్‌కి 30, కెమిస్ట్రీకి 30. బైపీసీ వాళ్లకు బోటనీ, జువాలజీ కలిపి ఇంకో 60. రికార్డు పుస్తకంలో సింపుల్ పెండ్యులం రీడింగులు ఇరవై ఏళ్ల నుంచి ఒక్కటే. సీనియర్ రికార్డు నుంచి జూనియర్ రికార్డుకు ఏమాత్రం చెక్కుచెదరకుండా చేరుతున్నాయి. అంత స్థిరంగా ఊగే లోలకం భూమ్మీద ఇంకెక్కడా లేదు. అన్ని రీడింగులూ తెలిసిన పిల్లలకు ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుందో మాత్రం తెలియదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు, మంచి భోజనం చేస్తారు, 30 వేసి వెళ్తారు. వచ్చేది పక్క కాలేజీవాళ్లే. వచ్చే వారం ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లాలి కదా. భోజనానికి భోజనం, ముప్పైకి ముప్పై.

ఇలా అందరికీ ఉదారంగా వేసేయడాన్ని అన్యాయం అనడానికి మనసొప్పదు. అయినా అసలు దెబ్బ ఇక్కడే. జిల్లా పరిషత్ బడిలో నిజాయితీగా చూసి 16 వేసే సారు ఒకాయన ఉంటారు. ఆ పిల్లవాడి 16, టౌనులో చూడకుండా వేసిన 20 ఒకే మెమో మీద, ఒకే రకం అక్షరాల్లో అచ్చవుతాయి. ఆరు సబ్జెక్టుల్లో నాలుగేసి చొప్పున తేడా పడితే గ్రేడు జారిపోతుంది. నిక్కచ్చిగా మార్కులేసే టీచరు దొరకడం ఆ పిల్లవాడి దురదృష్టమయింది.

ఇదంతా పిట్టకథ అనుకునేవాళ్లకు లెక్క ఒకటి ఉంది. కరోనా ఏడాది 2021లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి, బడి వేసిన ఫార్మేటివ్ మార్కులతోనే ఫలితాలిచ్చారు. రాసినవాళ్లు, కాదు కాదు, రాయనివాళ్లు 5 లక్షల 21 వేల మంది. అందులో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది జీపీఏ. కొన్ని వందల బళ్లలో మొత్తం పిల్లలందరికీ పదే. మరుసటి ఏడాది సిలబస్ తగ్గించి, పేపర్లు తగ్గించి మరీ పరీక్ష పెడితే పదికి పది వచ్చినవాళ్లు పదకొండు వేల చిల్లర. ఒక్క ఏడాదిలో రెండు లక్షల మంది మేధావులు ఎటుపోయారో ఏ ప్రభుత్వమూ గాలింపు చేపట్టలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే పదో తరగతి ఇంటర్నల్స్ తీసేశారు. తెలంగాణలో 2024 నవంబరులో తీసేస్తున్నామన్నారు. రోజులు గడవకముందే ఈ ఏడాదికి వద్దులే అని వాయిదా వేశారు. ఇలా పెట్టడం, తీయడం మీదే మన పాలకుల మేధస్సంతా ఖర్చయిపోతోంది. 20 ఉండాలా, పోవాలా అన్నదే చర్చ. ఆ 20 ఎలా వేశారో పిల్లవాడికి ఒక ముక్క చెప్పాలా వద్దా అన్నది ఏ ఉత్తర్వులోనూ లేదు. చెప్పాల్సి వస్తే చూడకుండా 20 వేయడమూ కష్టమే, కోపంతో 11 వేయడమూ కష్టమే.

"మా అనుభవంలో పేపరు చూడగానే తెలిసిపోతుందండీ" అని సీనియర్ టీచర్లు అంటుంటారు. అనుభవం మీద నాకూ గౌరవమే. 1912లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అనే ఇద్దరికి ఇదే అనుమానం వచ్చింది. ఒకే ఇంగ్లీషు పేపరుకు నకళ్లు తీయించి వంద మందికి పైగా టీచర్లకు పంపారు. అదే పేపరుకు ఒకరు 64 వేశారు, ఇంకొకరు 98 వేశారు. ఇంగ్లీషు కాబట్టి అలా జరిగింది, లెక్కల్లో అయితే కుదరదు అన్నారు జనం. సరే అని జామెట్రీ పేపరు పంపారు. అందులో తేడా ఇంకా పెరిగింది. కనిష్ఠం 28, గరిష్ఠం 90 దాటింది. ఆ పిల్లవాడి పేపరు ఒక్కటే, త్రిభుజాలు కూడా అవే. మారింది ఎవరి బల్ల మీద పడింది అన్నదొక్కటే. ఇది తెలిసి నూరేళ్లు దాటింది. మనం ఇంకా "చూడగానే తెలిసిపోతుంది" దగ్గరే ఉన్నాం.

ఏం తెలిసిపోతుందో మన దేశంలోనే చేసి చూపించారు. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం 2012లో అచ్చయింది. పిల్లల చేత పరీక్ష రాయించి, ఆ పేపర్ల ముఖపత్రం మీద కులం, వయసు, ఆడా మగా అన్న వివరాలు లాటరీ తీసినట్టు ఎడాపెడా రాసి టీచర్లకు ఇచ్చారు. జవాబులు అవే. పైన రాసిన కులం తక్కువదైతే మార్కులు తగ్గాయి. తేడా చిన్నదే, కానీ కళ్లు మూసుకుంటే పోయేది కాదు. అందులో మింగుడుపడని సంగతి ఇంకోటి ఉంది. ఆ తగ్గింపు ప్రధానంగా వచ్చింది తక్కువ కులాలుగా చూసే కులాల నుంచి వచ్చిన టీచర్ల దగ్గరే. కాబట్టి ఫలానా కులం టీచర్లంతా చెడ్డవాళ్లు అని తీర్పు చెప్పి చేతులు దులుపుకునే వీలు కూడా లేదు. కట్ట విప్పిన కొత్తలో దిద్దిన పేపర్లలో వివక్ష ఎక్కువ, పోనుపోను తగ్గింది. పెన్ను ఇంకా కుదురుకోక, దేనికెంత వేయాలో తేల్చుకోలేనప్పుడు కళ్లు పేరు వైపు పోతాయన్నమాట.

ఇక్కడ వేళాకోళం కాసేపు పక్కన పెడతాను. పేరు కనబడకుండా మార్కులు వేయడం రాకెట్ సైన్సు కాదు. పదో తరగతి బోర్డు పరీక్షలో పేరుండదు, కోడింగ్ ఉంటుంది. బడిలో మాత్రం పేపరు నెత్తి మీద పేరు, ఇంటిపేరు, సెక్షను, రోల్ నంబరు. చాలాచోట్ల తండ్రి పేరు కూడా. పేపరు దిద్దేవాళ్లకు ఆ తండ్రి ఏం చేస్తాడో, పోయిన నెల ఫీజు కట్టాడో లేదో కూడా తెలుసు.

అయితే బోర్డుకు దణ్ణం పెట్టి బతికిపోదామా అంటే, అక్కడ దేవుడు వేరు, ప్రసాదం అదే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నాలు పడ్డాయి. ఓఎంఆర్ మీద తొమ్మిదుల బదులు సున్నాలు దిద్దారు. ఫెయిలయిన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడాల్సి వస్తే, వెయ్యి మందికి పైగా పాసయినట్టు తేలింది. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో సోషల్‌లో 23 వచ్చి తప్పిన అమ్మాయికి మళ్లీ చూస్తే 96. ఆ ఏడాది రీవెరిఫికేషన్‌లో పదివేలకు పైగా పేపర్లలో తేడాలు బయటపడ్డాయి, కొందరిని సస్పెండ్ చేశారు. రీకౌంటింగ్‌కి సబ్జెక్టుకు 500, రీవెరిఫికేషన్‌కి 1,000. ఇరవై మూడుకూ తొంభై ఆరుకూ తేడా 73. ఆ వెయ్యి కట్టలేని ఇళ్లలో ఎన్ని డెబ్బై మూళ్లు అలాగే ఉండిపోయాయో లెక్కగట్టే కౌంటరు ఎక్కడా తెరవలేదు.

జవాబు పత్రం చూపించమని అడిగే హక్కుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే మన దర్బారు ఎంత పటిష్ఠమైనదో తెలుస్తుంది. 2011 ఆగస్టులో, సీబీఎస్‌ఈకీ ఆదిత్య బందోపాధ్యాయ్ అనే విద్యార్థికీ మధ్య నడిచిన కేసులో, సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి తన జవాబు పత్రం చూసుకోవచ్చని కోర్టు తేల్చింది. తను రాసిన కాగితం తను చూడటానికి! దేశంలో అత్యున్నత న్యాయస్థానం పుస్తకాలు తిరగేసి, వాదనలు విని, తీర్పు రాసి ఇచ్చిన ఈ హక్కును తొమ్మిదో తరగతి పిల్లవాడు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర వాడి చూడాలి. "ఏంట్రా, లాయరువయ్యావా?" అన్న తీర్పు అప్పటికప్పుడు వస్తుంది. దానిపై అప్పీలుండదు.

టీచర్ల వైపు నుంచి చూడకపోతే ఈ వ్యాసానికే మార్కులు తగ్గించాలి. సెక్షనుకు అరవై మంది, ఐదు సెక్షన్లు, మూడు వందల పేపర్లు. ఆదివారం సాయంత్రానికి దిద్ది సోమవారం ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. మధ్యలో ఓటర్ల జాబితా, మధ్యాహ్న భోజనం లెక్క. ఆంధ్రాలో కొన్నాళ్లు బడి మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో పెట్టడం కూడా వాళ్ల పనే అయింది. ప్రైవేటులో అయితే జీతం నలుగురి ముందు చెప్పుకునేంత కూడా ఉండదు. పైనుంచి "మన బ్రాంచి పిల్లలకు తొంభై తగ్గకూడదు" అని మీటింగులు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఏప్రిల్ ఎండలో రోజుకు నలభై పేపర్లు దిద్దే మనిషి కళ్లకు ముప్పై తొమ్మిదో పేపరు ఎలా కనిపిస్తుందో ఊహించగలను. అందుకే తప్పు జరిగిందని అనడం లేదు. తప్పు ఎవరివల్లయినా జరుగుతుంది. జరిగిన తప్పును చూపించిన వేలిని విరిచే అలవాటు ఎక్కడిదన్నదే నా గొడవ. ఆ అలవాటుకు అరవై మంది పిల్లలూ కారణం కాదు, ఎండా కారణం కాదు.

ఇంట్లో మనమూ తక్కువ తినలేదు. పిల్లవాడు వచ్చి "అమ్మా, టీచరు కావాలనే తగ్గించారు" అంటే ముందు వాడి వీపు మీద ఒకటి వేస్తాం. "టీచరుకు నీమీద పగా? ఎందుకు తగ్గిస్తారు? నువ్వేదో చేసుంటావు." ఆ తర్వాత రాత్రి వాడు పడుకున్నాక పేపరు తీసి చూసి, "నిజమే కదండీ, ఇక్కడ కూడిక తప్పుంది. పదమూడూ తొమ్మిదీ ఇరవై రెండు కదా, ఇరవై వేశారు" అని గుసగుసలాడుకుంటాం. "రేపు వెళ్లి అడుగుదామా?" "వద్దులే, మళ్లీ వాడి మీద కక్ష పెట్టుకుంటారు." అలా మన ఇళ్లలోనే ఆ రెండు మార్కులకు రాత్రికి రాత్రే అంత్యక్రియలు జరిగిపోతాయి. పెద్దయ్యాక రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, జీతంలో కోత పడినా వాడు నోరెత్తకపోతే, ఇంత చదివించినా ధైర్యం లేదేమిట్రా అని మళ్లీ వాణ్నే తిడతాం.

సరే, విమర్శించడం తేలిక, దారి చూపడం కష్టం అంటారు. దర్బారు మర్యాదకు భంగం కలగకుండా ఒక నమూనా దరఖాస్తు తయారుచేశాను. అవసరమైన పిల్లలు ఖాళీలు పూరించుకుని వాడుకోవచ్చు.

"గౌరవనీయులైన క్లాస్ టీచర్ గారి దివ్య సముఖమునకు, తొమ్మిదో తరగతి, 'సి' సెక్షన్, రోల్ నంబరు ______ నమస్కరించి వ్రాయు విన్నపము.

అయ్యా/అమ్మా,

నేను తమరి వద్ద చదువుకుంటున్న భాగ్యశాలిని. మొన్నటి పరీక్షలో తమరు నాకు దయచేసిన మార్కులను కళ్లకద్దుకున్నాను. అద్దుకొనునప్పుడు కళ్లు తెరిచి ఉండుట వలన, మూడవ పేజీలో ఐదవ ప్రశ్నను తమరు దిద్దలేదని గమనించడం జరిగింది. ఇది నా కళ్ల తప్పే తప్ప తమరి పెన్ను తప్పు కాదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆ ప్రశ్నకు జవాబు నేను రాసి ఉంటినని కూడా ఒప్పుకుంటున్నాను. తమరికి తీరిక దొరికినప్పుడు, కోపము లేనప్పుడు, హెడ్మాస్టరు గారు పక్కన లేనప్పుడు, ఒక్కసారి ఆ పేజీ తిప్పవలసిందిగా ప్రార్థన. తిప్పినంత మాత్రాన మార్కు వేయాలని నా కోరిక కాదు. తిప్పితే చాలు.

ఇందుకు బదులుగా 'పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు' అను శీర్షిక కింద నా మార్కులు తగ్గించవద్దని మరీమరీ వేడుకుంటున్నాను. ఈ దరఖాస్తే నా ప్రతిస్పందన అని తమరు భావించిన యెడల, అందుకు ఐదుకు ఎన్ని వేయవలెనో తమరి చిత్తము.

ఇట్లు,
తమ విధేయుడు/విధేయురాలు.

గమనిక: ఈ దరఖాస్తుకు నాలుగు వైపులా మార్జిను కొట్టడమైనది. 'విషయం' అను హెడ్డింగు కింద రెండు గీతలు స్కెచ్ పెన్నుతో గీయడమైనది. నాన్నగారి సంతకము ఇప్పించుటకు ప్రయత్నించగా, ఆయన వద్దన్నారు."